ఆఖరి మూడు మూరలు

పాటలు వినే యంత్రానికి గోడ నుంచి కరెంటు తెచ్చే వైరు మారిస్తే పాట మారుతుందా, మారదా అన్న సంగతి నేనిక్కడ చర్చించను. ముప్పై ఆరేళ్ళు విద్యుత్తు గురించి పాఠాలు చెప్పినవాణ్ణి గనక నాకొక అభిప్రాయం ఉంది. అది నా దగ్గరే ఉంటుంది. సుందరేశం ఆ వైరుకు ఎంత పెట్టాడో చెప్పను. అతడికీ నాకూ పంతొమ్మిదేళ్ళు మాటలు ఎందుకు లేకపోయాయో, తప్పు ఎవరిదో అసలే చెప్పను. మధ్యవర్తులు అడిగిన రోజుల్లోనే చెప్పలేదు. ఇప్పుడు అడిగేవారు కూడా లేరు. సుందరేశం లేడు, మాస్టారూ లేరు. నేను అడిగిన ఒక ప్రశ్నకు మాస్టారు వాదించి జవాబు చెప్పలేదు. ఒక ఆదివారం ఉదయం జరిగిన చిన్న సంగతి చెప్పి ఊరుకున్నారు. అది మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మాస్టారంటే పెమ్మరాజు వేదాద్రి గారు. కాకినాడలో ఒక పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ లాబొరేటరీ ముప్పై మూడేళ్ళు ఆయన చేతికింద నడిచింది. పేరి సుందరేశమూ నేనూ అక్కడ మూడేళ్ళు చదువుకున్నాం. మూడేళ్ళూ ప్రయోగాలకు మేమిద్దరం జోడీ. లాబొరేటరీలో ఆయనకొక నియమం ఉండేది. మీటరు చూసేవాడు రాయకూడదు. రాసేవాడు మీటరు వైపు చూడకూడదు. చూసేవాడు అంకెను పైకి చదవాలి. రాసేవాడు దాన్ని రాసుకుని, అదే అంకెను తిరిగి పైకి పలకాలి. దీన్ని ఆయన మారుపలుకు అనేవారు. మారుపలుకు వినిపించేదాకా చూసేవాడు కన్ను తిప్పకూడదు, మోటారు మీద బరువు మార్చకూడదు, నిలబడ్డ చోటు నుంచి కదలకూడదు. ఒక్క మనిషి చేయగల పనికి ఇంత తతంగం ఎందుకని ఏటా కొత్తగా చేరినవాళ్ళు అడిగేవారు. "ముల్లు ఎక్కడ ఉండాలో నీకు పుస్తకం చూసి ముందే తెలుసు. తెలిసినవాడి కంటికి ముల్లు అక్కడే కనబడుతుంది. అందుకని నీకు రెండోవాడు కావాలి" అని ఏటా అదే జవాబు చెప్పేవారు.

రెండో సంవత్సరంలో ఒకనాటి ఉదయం హాస్టలు మెస్సులో సుందరేశం నా నడకను అనుకరించి పదిమందినీ నవ్వించాడు. అతడికది సరదా, నాకు కాదు. ఆ మధ్యాహ్నం మోటారు ప్రయోగం. అతడు అమ్మీటరు చూస్తున్నాడు, నేను రాస్తున్నాను. ఏడో అంకె చదివాడు: "ఆరు పాయింట్ రెండు." విన్నాను. రాశాను. పలకలేదు. రెండోసారి చదవడం నియమానికి విరుద్ధం. ఒకసారి చదివాక ఎదురుచూడడమే. ముల్లూ, దాని వెనక అద్దపు పట్టీలో కనిపించే దాని ప్రతిబింబమూ ఒకటయ్యేలా మెడ వంచి అతడు అలాగే నిలబడ్డాడు. పక్క బల్లలవాళ్ళు ప్రయోగాలు ముగించి మోటార్లు ఆపేశారు. గంట కొట్టారు. మా మోటారు ఒక్కటే తిరుగుతోంది; కరెంటును అదుపు చేసే రియోస్టాట్ వేడెక్కి మాడు వాసన వస్తోంది. మాస్టారు వచ్చి స్విచ్చి దించి, "ఎందుకయ్యా కదల్లేదు?" అని అడిగారు. "మారుపలుకు రాలేదండీ" అన్నాడు సుందరేశం. మాస్టారు నా వైపు చూశారు. నా పుస్తకంలో ఆరు పాయింట్ రెండు అని రాసి ఉండడమూ చూశారు. బయటికి వచ్చాక సుందరేశం మెడ పట్టేసి, తల ఒకపక్కకే తిప్పగలుగుతూ, "నీ నడక బాగానే ఉందిలేరా. నా మెడే బాగులేదు" అన్నాడు. సాయంత్రానికి మాట్లాడుకున్నాం. ఆ వయసులో మా అలకలు ఒక పూటకు మించేవి కావు.

తరవాత నేను అధ్యాపకుణ్ణయ్యాను. అతడు విద్యుత్ శాఖలో ఇంజనీరయ్యాడు. అతడు వేయించిన లైన్ల కింద జిల్లాలో సగం ఊళ్ళు వెలిగాయంటే అతిశయోక్తి కాదు. పదవీ విరమణ తరవాత కాకినాడ రామారావుపేటలో ఒక మేడమీది వాటాలో చేరాడు. అతడు పెళ్ళి చేసుకోలేదు. కారణం అతడు చెప్పలేదు. మాటలున్న రోజుల్లో నేను అడగలేదు. ఉద్యోగమంతా సబ్‌స్టేషన్ల హోరులో గడిపిన మనిషికి విశ్రాంతిలో సంగీతం పట్టుకుంది. రికార్డు ప్లేయరు, ఆంప్లిఫయరు, నిలువెత్తు స్పీకర్లు తెచ్చుకున్నాడు. ఒక్కొక్కటే ఇంకా మంచిదానితో మార్చుకుంటూ వచ్చి, మార్చడానికి మరేమీ మిగలక, చివరికి గోడకూ ఆంప్లిఫయరుకూ మధ్యనున్న కరెంటు వైరు మార్చాడు. బొటనవేలంత లావు, పైన నేత తొడుగు, రెండు కొసలా మెరిసే పిన్నులు. ఎక్కడో దూరం నుంచి తెప్పించాడట. అది పెట్టాక వయొలిన్ కమాను తీగ మీద ఆనే క్షణం కూడా తనకు వేరుగా వినిపిస్తోందని కలిసిన ప్రతివాడితోనూ చెప్పాడు.

మా బ్యాచ్‌వాళ్ళం ఏడాదికోసారి కలిసి భోజనం చేసే ఆనవాయితీ ఉంది. నేను వెళితే సుందరేశం రాడు. అతడు వస్తాడని తెలిస్తే నేను వెళ్ళను. ఆ ఏడు నేను వెళ్ళాను. విస్తళ్ళ ముందు అందరికీ ఆ వైరే నంజుకునే పచ్చడయింది. "జిల్లాకంతటికీ అల్యూమినియం తీగలు కట్టి, తన ఇంటికి మాత్రం పట్టు తొడిగిన వైరు తెచ్చుకున్నాడు" అన్నాడొకడు. "వైరుకు సాంబ్రాణి కూడా వేస్తాడేమో కనుక్కో" అన్నాడు మరొకడు. వాటిలో ఒక్క మాట నన్ను నవ్వనివ్వలేదు. ఈ విషయం తేల్చమని సుందరేశం మాస్టారినే అడిగాడట. ఎనభై ఏడేళ్ళ మాస్టారు స్వయంగా అతడి మేడ ఎక్కి పరీక్ష చేశారట. చేసి, తీర్పు చెప్పకుండా దిగి వచ్చారట. అంకె ఒక గీత అటూ ఇటూ అయినందుకు మా ప్రయోగాల రికార్డు పుస్తకాలు కిటికీలోంచి విసిరిన మనిషి ఆయన.

నేను ప్రతి నెలా రెండో శనివారం రాజమహేంద్రవరం నుంచి బస్సెక్కి కాకినాడ వెళ్ళి మాస్టారిని చూసి వచ్చేవాణ్ణి. చైత్రమాసంలో వెళ్ళినప్పుడు ఆయన వరండాలో కూర్చుని, టేబుల్ ఫ్యాను ప్లగ్గు ఊడదీసి, ఇత్తడి పిన్నులను చింతపండుతో తోముతున్నారు. నెలకొకసారి అలా తోమడం ఆయనకు అలవాటు. పిన్నుకు చిలుం పడితే వెనకనున్న వైరు ఎంత మంచిదైనా ఒకటేనని మాకు ఎన్నోసార్లు చెప్పారు.

"మాస్టారూ, ఒక సందేహం" అన్నాను.

"డెబ్బైకి దగ్గర పడ్డావు. ఇంకా సందేహాలేమిటోయ్?"

"సుందరేశం గురించి."

ఆయన తోమడం ఆపారు. పంతొమ్మిదేళ్ళలో ఆ పేరు నా నోటి నుంచి ఆయన వినడం అదే మొదలు. నేను సాధ్యమైనంత క్లుప్తంగా అడిగాను. వైరు సంగతి ఆయనకు తెలియనిది కాదు. పరీక్ష కూడా చేశారు. ఫలితం కాగితం మీద కనిపించాక కూడా, నువ్వు పొరబడ్డావని అతడి ముఖాన చెప్పకుండా ఎందుకు వచ్చారు? మాకు ఏనాడూ చూపించని జాలి అతడికెందుకు చూపించారు?

"జాలి నాకు చేతకాదని మీ బ్యాచ్ అంతా చెప్పుకునేవారుగా" అన్నారు మాస్టారు. ప్లగ్గును నీళ్ళలో ముంచి తీసి తువ్వాలుతో అద్ది ఎండలో పెట్టారు. "జరిగింది చెబుతాను. తీర్పు నువ్వే రాసుకో."

సుందరేశం ఆయన దగ్గరికి వచ్చింది మాఘమాసంలో. వస్తూనే, "మాస్టారూ, నాకు వినబడుతున్నది నిజమా, పిచ్చా?" అని అడిగాడట. వైరు మార్చింది ఎవరని మాస్టారు అడిగారు. "నేనే." విన్నది ఎవరు? "నేనే." మంచి చెడ్డా రాసుకున్నది? "అదీ నేనేనండి. ఇంట్లో ఇంకెవరున్నారు?" మాస్టారు అతడి వైపు చూశారట. తన లాబొరేటరీలో మూడేళ్ళు చదివినవాడు అన్నిటికన్నా మొదటి నియమం తప్పాడు. ఎన్నాళ్ళ నుంచి తప్పుతున్నాడో అడగాలనిపించి, అడగలేదట. "ఆదివారం తొమ్మిదింటికి వస్తాను. రెండు వైర్లూ సిద్ధంగా ఉంచు" అన్నారు.

ఆ మేడకు పద్దెనిమిది మెట్లు. ఆయన ఆరేసి మెట్లకొకసారి ఆగి ఎక్కారు. గది శుభ్రంగా ఉంది. ఆసుపత్రి గదంత శుభ్రంగా ఉంది అన్నారు మాస్టారు. ఒక గోడకు యంత్రాలు. వాటికెదురుగా, గది నడుమ, ఒకే ఒక కుర్చీ. దాని నాలుగు కాళ్ళ చుట్టూ నేల మీద సుద్దముక్కతో గీసిన గుండ్రాలు ఉన్నాయి. "ఇదేమిటోయ్?" అని అడిగితే, "పాట సరిగ్గా వినిపించే చోటు గదిలో ఒక్కటే ఉంటుంది మాస్టారూ. ఊడ్చేటప్పుడు కుర్చీ జరిగితే మళ్ళీ వెతుక్కోవాలి, అందుకని గీశాను" అన్నాడు. "మరి వచ్చినవాళ్ళెక్కడ కూర్చుంటారు?" సుందరేశం ఆ ప్రశ్న కొత్తగా విన్నట్టు గది నాలుగు మూలలా చూసి, వంటగదిలోంచి కూరలు తరిగేటప్పుడు కూర్చునే పీట తెచ్చి వేశాడట.

పాత వైరూ కొత్త వైరూ చేతిలోకి తీసుకుని మాస్టారు పరీక్షగా చూశారు. "సీలేరు కొండల్లో పుట్టిన కరెంటు ఎన్ని మైళ్ళు మామూలు తీగల మీద వచ్చిందో నీకన్నా తెలిసినవాడు లేడు. గోడదాకా వచ్చాక, ఈ ఆఖరి మూడు మూరలకు ఇంత పట్టింపు ఏమిటయ్యా?" అన్నారు.

"అంతదూరమూ నా చేతిలో ఉన్న రోజుల్లో దాన్ని నేను పట్టించుకోలేదు మాస్టారూ" అన్నాడు సుందరేశం. "ఇప్పుడు నాకు మిగిలింది ఈ మూడు మూరలే."

యంత్రాలకు అడ్డంగా దండెం కట్టి దుప్పటి వేశారు. దుప్పటికి అవతల పీట మీద మాస్టారు. ఇవతల గుండ్రాల మధ్య కుర్చీలో సుందరేశం. ఏ విడతకు ఏ వైరు పెట్టాలో మాస్టారు ముందే ఇంటి దగ్గర నిర్ణయించుకుని వచ్చారు. తన చేతిని తాను నమ్మక, ఒకవైపు అరగదీసిన చింతపిక్కను పదిసార్లు నేల మీద వేసి చూసుకున్నారట. తెలుపు పడితే కొత్త వైరు, నలుపు పడితే పాతది. నలుపు ఆరుసార్లు, తెలుపు నాలుగుసార్లు పడింది. ప్రతి విడతకూ స్విచ్చి ఆపడం, వైరు ఊడదీయడం, మళ్ళీ పెట్టడం. అదే వైరు తిరిగి పెట్టవలసి వచ్చినా ఊడదీసి పెట్టడం. రెండు నిమిషాలు కల్యాణి ఆలాపన, వయొలిన్ మీద. పాట మొదలు కాగానే మాస్టారు "ఒకటి" అంటారు. ఇవతల నుంచి సుందరేశం "ఒకటి" అని తన కాగితం మీద పాతదో కొత్తదో రాసుకుంటాడు. ఎవరూ చెప్పకుండానే మారుపలుకు తనంతట తాను వచ్చేసిందన్నారు మాస్టారు.

మొదటి రెండు విడతలూ నిశ్శబ్దంగా నడిచాయి. మూడో విడతకు వైరు మారుస్తుండగా సుందరేశం దుప్పటి ఇవతల నుంచి, "మాస్టారూ, ఆ రోజుల్లో మన స్టోర్‌కీపరు ఒకాయన ఫ్యూజు తీగ ఇమ్మంటే కొలబద్దతో కొలిచి ఇచ్చేవాడు, జ్ఞాపకం ఉందా?" అన్నాడు. మాస్టారికి జ్ఞాపకం ఉంది. నాలుగో విడతకు తుఫాను ఏట స్తంభాలు వంగిపోయిన ఊరి కథ చెప్పాడు. ఐదో విడత మధ్యలో కరెంటు పోయింది. సుందరేశం లేచి కిటికీలోంచి వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు కేసి చూసి, ముప్పై ఏళ్ళు తాను పనిచేసిన శాఖను తానే నాలుగు మాటలు తిట్టి, మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. దుప్పటి తీయలేదు. పరీక్ష సగంలో ఉండగా తీయకూడదు గదా. ముప్పావుగంట కరెంటు రాలేదు. ఆ ముప్పావుగంటా అతడు మాట్లాడుతూనే ఉన్నాడట. మధ్యలో ఆగి, "ఉన్నారా మాస్టారూ?" అనేవాడు. "ఉన్నానోయ్" అని ఈయన అనేవారు. మళ్ళీ మొదలుపెట్టేవాడు. కొంతసేపటికి ఆగిన చోటు నుంచి ఆలాపన తానే గొంతెత్తి అందుకున్నాడట. గొంతు బాగులేదు అన్నారు మాస్టారు. కానీ శ్రుతి తప్పలేదు అన్నారు.

కరెంటు వచ్చాక ఐదో విడత మళ్ళీ మొదటి నుంచి చేసి, పదీ పూర్తి చేశారు. దుప్పటి తీశారు. కాగితాలు రెండూ పక్కపక్కన నేల మీద పెట్టారు. మాస్టారి కాగితం మీద పాతది ఆరు, కొత్తది నాలుగు. సుందరేశం కాగితం మీద కొత్తది, కొత్తది, కొత్తది అని పది విడతలకూ పది.

సుందరేశం వంగి రెండు కాగితాలనూ చాలాసేపు చూశాడట. "నేను కావాలని రాయలేదండీ. ఒట్టు. పదిసార్లూ బాగానే వినిపించింది. ఇంత బాగా ఏనాడూ వినిపించలేదు" అన్నాడు. మళ్ళీ, "అయితే నా చెవి పోయిందంటారా, వైరు ఉత్తదంటారా? ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు.

"నా కాగితంలో వైర్లు మాత్రమే రాసుకున్నాను" అన్నారు మాస్టారు. "పదిసార్లూ మారకుండా ఉన్నది ఇంకొకటి ఉంది ఈ గదిలో. అది ఏ కాగితం మీదా లేదు. అది రాయకుండా తీర్పు చెబితే నీ రికార్డు విసిరినట్టే నాదీ విసరాలి."

సుందరేశం తల తిప్పి గదంతా చూశాడు. యంత్రాలు, స్పీకర్లు, దండెం, గుండ్రాలలో కుర్చీ. చివరికి అతడి చూపు కూరల పీట దగ్గర ఆగింది. అంతసేపు దాని మీద కూర్చున్న మనిషి పంచె దులుపుకుంటున్నాడు. "మీరు మళ్ళీ వస్తారా?" అని అడిగాడట.

"పద్దెనిమిది మెట్లు. ఈసారికి ఎక్కాను. ఇంకోసారి ఎక్కలేను" అన్నారు మాస్టారు. "నీకు లాబొరేటరీలో జోడీ ఒకడుండేవాడు కదా?"

"వాడు పలకడండీ."

"చదవడం నీ పని. నువ్వు చదివి చూడు" అని చెప్పి, అతడి భుజం పట్టుకుని పద్దెనిమిది మెట్లూ దిగి వచ్చేశారట.

ఇక్కడికి మాస్టారు చెప్పడం ముగించారు. ఎండలో పెట్టిన ప్లగ్గు ఆరిందో లేదో వేలితో తడిమి చూశారు. నేను అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చిందో లేదో ఆయన అడగలేదు. వచ్చిందని నేను చెప్పలేదు. ఆ పూట నా చొక్కా జేబులో ఒక ఇన్లాండ్ ఉత్తరం ఉంది. దాన్ని వెంట తీసుకువెళ్ళడానికి ప్రత్యేకమైన కారణం లేదు.

"నీకు రాశాడా?" అన్నారు మాస్టారు.

"రాశాడు."

"చదువు."

నేను జేబులోంచి తీసి చదివాను. నా విద్యార్థుల చేత కూడా అంత గట్టిగా నేనెప్పుడూ ఏదీ చదివించలేదు. ఆయనకు ఎడమచెవి అప్పటికే వినబడదు.

"ఒరే యజ్ఞం! ఫోను చేస్తే నువ్వు ఎత్తవు గనక ఉత్తరం. చించేముందు చివరిదాకా చదువు. పేపరు చదవకుండా మార్కులు వేయడం అధ్యాపకులకు తగదు. మాస్టారు వచ్చి నాకు పరీక్ష పెట్టారు. పదికి నాలుగు. నీకన్నా నాకు ఎప్పుడూ తక్కువే కదా, ఆశ్చర్యం లేదు. తప్పు చెవిదో వైరుదో మాత్రం తేల్చలేదు ఆయన. మళ్ళీ చేయాలి. ఆయన మెట్లెక్కలేరు, ఇంకో మనిషి కావాలి. ఈ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ దుప్పటి వెనక కూర్చుని, ఏ వైరు పెట్టిందీ గొంతులో గాని దగ్గులో గాని తెలియనివ్వని వాడు నాకు ఒక్కడే తెలుసు. చెప్పకుండా ఉండడం నీకు బాగా వచ్చు కదరా. రెండో కుర్చీ ఒకటి కొన్నాను. గదిలో దాన్ని ఎక్కడ వేసినా పాట సరిగ్గా వినిపించడం లేదు. అయినా వేశాను. ఏ ఆదివారమైనా సరే, పొద్దున్న తొమ్మిదింటికి. వైర్లు మార్చే ఓపిక లేకపోతే మార్చకు. మార్చానని చెప్పు చాలు. నీ నడక సంగతి ఎత్తనని మాట ఇస్తున్నాను. సుందరేశం."

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఎన్నాళ్ళయింది ఇది వచ్చి?"

"నలభై రోజులు."

"చదివావు."

"చదివాను."

"ఇవాళ నా ముందు చదవడం కాదు. అది వచ్చిన రోజున చదివావు."

"చదివానండీ."

"ఏమని రాశావు?"

నేను చొక్కా జేబు సర్దుకున్నాను. మాస్టారు ప్లగ్గు అందుకుని, పిన్నులను వెలుతురుకు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి చూశారు. మెడ కొంచెం వంచారు.

"అయితే వాడింకా మీటరు ముందే నిలబడి ఉన్నాడన్నమాట" అన్నారు.

నేను సెలవు తీసుకుని లేచాను. ఆ వీధి చివర ఎడమకు తిరిగితే రామారావుపేట, పది నిమిషాల నడక. కుడికి తిరిగితే బస్ స్టాండు. పన్నెండింటి బస్సు అందింది. సుందరేశం ఆషాఢం దాకా ఉన్నాడు. ఆ మధ్య పద్నాలుగు ఆదివారాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి నేను చొక్కా వేసుకుని గుమ్మందాకా వచ్చిన మాట నిజం. గుమ్మం దాటకపోవడానికి కారణాలున్నాయి. అవి చర్చించనని మొదటే చెప్పాను. ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉంది. దానికి నేను జవాబు రాయలేదు.